బ్లాట్‌లో 25 దగ్గర బ్యాండు: ప్రోటీన్ పాడైందా, తనను తానే కోసుకుందా?

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. పీహెచ్‌డీ రెండో ఏడాది విద్యార్థిని, మనిషి జీపీఆర్56 రిసెప్టర్‌ను (కణం పొరలో ఉండి బయటి కబురు లోపలికి చేర్చే ప్రోటీన్) ల్యాబ్‌లో పెంచే హెక్293 కణాల్లో తయారుచేయించి, బ్లాట్‌లో, అంటే జెల్ మీద సైజును బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతిలో, చూస్తున్నారు. ప్రోటీన్ తోక చివర యాంటీబాడీతో గుర్తుపట్టడానికి ఫ్లాగ్ ట్యాగ్ అనే చిన్న గుర్తు పెట్టారు. మొత్తం 693 అమైనో ఆమ్లాలు కాబట్టి 77 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండు రావాలి. వస్తున్నది మాత్రం 25 దగ్గర ఒక గట్టి బ్యాండు, జెల్ పైభాగాన కాస్త మసక. ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లను ఆపే ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్ రెట్టింపు చేసినా మార్పు లేదు. గైడ్ గారు "డిగ్రడేషన్, మళ్లీ చెయ్యి" అంటున్నారు. ల్యాబ్‌లో ఎవరో "గెయిన్ డొమైన్ గురించి చదువు" అన్నారట. అదేమిటి, నా ప్రయోగం చెడిందా, ఈ రిసెప్టర్‌కు మందులేమైనా ఉన్నాయా అని, బ్లాట్ ఫొటో పంపి అడిగారు.

చెడలేదు. ప్రోటీన్‌లో ఒక మడతగా ఉండే భాగాన్ని డొమైన్ అంటారు; గెయిన్ అంటే ఈ రిసెప్టర్‌లో తనను తానే కోసుకునే డొమైన్. నిజానికి ఆ 25 బ్యాండే మీ రిసెప్టర్ సరిగ్గా మడతపడిందనడానికి సాక్ష్యం. అది మాయమై, 77కు పైన ఒకే ఒక్క బ్యాండు వచ్చిన రోజున కంగారు పడండి.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే గోతిలో నేను ఐదు నెలలు పడి ఉన్నాను. నాది జీపీఆర్56 కాదు, దానికి చుట్టమైన లాట్రోఫిలిన్. ఇన్‌హిబిటర్ బిళ్ల ఒకటి వేయమన్న చోట రెండు వేశాను. పీఎమ్‌ఎస్‌ఎఫ్ అనే మరో ఇన్‌హిబిటర్ అప్పటికప్పుడు కలిపాను. కోల్డ్ రూమ్‌లో స్వెట్టర్ వేసుకుని కణాలు పగలగొట్టాను. ముక్క మాత్రం కదల్లేదు. చివరికి పక్క బెంచీ పోస్ట్‌డాక్ ఒకాయన నా బ్లాట్లన్నీ వరసగా పేర్చి చూసి, "చినిగిన గుడ్డకీ కత్తిరించిన గుడ్డకీ తేడా అంచు చూస్తే తెలియదా? ఇన్ని బ్యాచ్‌ల్లో ఒకే సైజు ముక్క వస్తోందంటే ఇది కుళ్లడం కాదు, కోత" అన్నాడు. ప్రోటీన్ కుళ్లితే ఒక్కోసారి ఒక్కోలా, మెట్లుమెట్లుగా, జారిన సిరాలా కనిపిస్తుంది. మీది అలా లేదు. అసలు సంగతి 1997 నాటి పేపర్లలోనే ఉంది, నేనే చదవలేదు.

ముందు లెక్క చూద్దాం. ఈ రిసెప్టర్ 382వ అమైనో ఆమ్లం తర్వాత తెగుతుంది. అక్కణ్ణుంచి తోక దాకా 311 అమైనో ఆమ్లాలు, అంటే సుమారు 34 కిలోడాల్టన్లు. మరి 25 దగ్గర ఎందుకొచ్చింది? ఈ ముక్కలో ఏడుసార్లు పొరను దాటే భాగం ఉంది. అలాంటి జిడ్డు ప్రోటీన్లు, జెల్‌కు ముందు ప్రోటీన్‌ను విప్పే డిటర్జెంట్ అయిన ఎస్‌డీఎస్‌ను మామూలు కంటే ఎక్కువ పట్టుకుంటాయి, పూర్తిగా విప్పుకోవు కూడా. అందుకే జెల్‌లో తమ బరువుకు మించిన వేగంతో పరిగెడతాయి. జీపీఆర్56 తోక ముక్క 25 దగ్గర కనిపించడం ఈ రంగంలో అందరికీ అలవాటైన దృశ్యం. తల ముక్క మీకు కనపడదు, ఎందుకంటే మీ ట్యాగ్ తోకకు ఉంది. తల ముక్క సొంత బరువు 40 చిల్లరే. దాని మీద చక్కెర గొలుసులు తగులుకునే చోట్లు ఏడున్నాయి కాబట్టి 60 నుంచి 70 మధ్య ఎక్కడో వెడల్పాటి బ్యాండుగా వస్తుంది. తలకు యాంటీబాడీ వేసి చూడండి, తెలుస్తుంది.

కణం మీద ఉన్నప్పుడు ఈ రెండు ముక్కలూ విడిపోయి లేవు. తెగినా అంటిపెట్టుకునే ఉంటాయి. సమయోజనీయ బంధం లేదు, పట్టు మాత్రం గట్టిది. మీరు ఎస్‌డీఎస్‌లో వేశాక ఆ పట్టు ఊడింది. అంటే విడదీసింది మీ లోడింగ్ డై. కోసింది మాత్రం మీరు కాదు, మీ లైసేట్‌లోని (పగలగొట్టిన కణాల రసంలోని) ప్రోటియేజులూ కాదు.

మరి ఎవరు కోశారు?

కథ నల్ల విడో సాలీడు విషంతో మొదలైంది. ఆ విషంలోని ఆల్ఫా-లాట్రోటాక్సిన్ నరాల చివర్ల నుంచి న్యూరోట్రాన్స్‌మిటర్లను ఒక్కసారిగా కుమ్మరింపజేస్తుంది. అది మెదడు కణాల మీద దేన్ని పట్టుకుంటుందో వెతుకుతూ పోతే 1997లో ఒక కొత్త రిసెప్టర్ దొరికింది. దానికే లాట్రోఫిలిన్ అని పేరు. ఒకే జన్యువు నుంచి పుట్టిన ప్రోటీన్, కానీ శుద్ధి చేసిన ప్రతిసారీ రెండు ముక్కలుగా వచ్చింది. కోత పడే చోటికి జీపీఎస్ అని పేరు పెట్టారు. ఫోన్‌లో దారి చూపేది కాదు, జీపీసీఆర్ ప్రోటియోలిసిస్ సైట్. జీపీసీఆర్లంటే పొరను ఏడుసార్లు దాటే రిసెప్టర్ల పెద్ద కుటుంబం, ప్రోటియోలిసిస్ అంటే ప్రోటీన్ కోత. ఆ తర్వాత చూస్తే అలాంటివి ఒకటీ రెండూ కాదు. మనిషి జన్యువుల్లో అడ్హీషన్ జీపీసీఆర్లు, అంటే లాట్రోఫిలిన్, జీపీఆర్56 చేరిన శాఖ, 33 ఉన్నాయి. వాటిలో ఒక్కటి తప్ప అన్నిటికీ ఆ కోత చోటున్న గెయిన్ డొమైన్ ఉంది. అన్నీ తెగవు, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

కోసేది వేరే ఎంజైమ్ అయి ఉంటుందనే చాలామంది అనుకున్నారు. 2004లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఈఎమ్‌ఆర్2 అనే రిసెప్టర్ మీద పనిచేసి, కత్తీ కాయా రెండూ ఆ ప్రోటీనేనని చూపింది.

అది ఎలాగో కాస్త నింపాదిగా చెబుతాను, మీ ఇన్‌హిబిటర్ ఎందుకు పనిచేయలేదో ఇక్కడే ఉంది. పెప్టైడ్ బంధం మామూలుగా మహా మొండిది. ఎంజైమ్ తగలకుండా నీళ్లలో వదిలేస్తే, ఉన్న బంధాల్లో సగం తెగడానికి వందల ఏళ్లు పడుతుంది. జీపీఆర్56లో కోత చోటు వరస ఇది: 381 హిస్టిడిన్, 382 ల్యూసిన్, 383 థ్రియోనిన్. తెగేది ల్యూసిన్‌కీ థ్రియోనిన్‌కీ నడుమ. ఈ మూడూ ఒక బిగుతైన మలుపులో ఇరుక్కుని ఉంటాయి. హిస్టిడిన్ అక్కడే కాచుకుని, థ్రియోనిన్ హైడ్రాక్సిల్ నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది. ప్రోటాన్ పోగొట్టుకున్న ఆక్సిజన్ ఊరుకోదు, పక్కనున్న ల్యూసిన్ కార్బొనిల్ కార్బన్ మీదికి పోతుంది. క్షణకాలం ఐదు పరమాణువుల వలయం ఒకటి ఏర్పడుతుంది. వలయం విచ్చుకునేటప్పుడు నైట్రోజన్‌తో ఉన్న పాత బంధం తెగి, ఆక్సిజన్‌తో కొత్తగా ఎస్టర్ బంధం మిగులుతుంది. అమైడ్‌కున్న మొండితనం ఎస్టర్‌కు లేదు. ఒక నీటి అణువు వచ్చి దాన్ని విడగొడుతుంది. పని అయిపోయింది. థ్రియోనిన్ చోట సెరిన్ ఉన్నా జరుగుతుంది, ఈఎమ్‌ఆర్2లో సెరినే ఉంటుంది. అలనిన్ పెడితే జరగదు, ఎందుకంటే దానికి హైడ్రాక్సిల్ లేదు. ఇంటీన్లు, హెడ్జ్‌హాగ్ లాంటి, తమను తామే కోసుకునే ప్రోటీన్లు వాడేది కూడా దాదాపు ఇదే కిటుకు.

ఇప్పుడు మీ పీఎమ్‌ఎస్‌ఎఫ్ సంగతి. అది లైసేట్‌లో తిరుగాడే సెరిన్ ప్రోటియేజుల కోరలు పీకుతుంది. ఇక్కడ పీకడానికి కోరలేవీ? ప్రతి అణువూ తనను తాను ఒక్కసారి కోసుకుని ఊరుకుంటుంది, పక్క అణువు జోలికి పోదు. పైగా ఇది జరిగేది మీరు కణాలు పగలగొట్టేటప్పుడు కాదు. రిసెప్టర్ ఇంకా కణం లోపల ప్రోటీన్లు మడతపడే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో ఉండగానే, మడత పూర్తవుతూండగానే అయిపోతుంది. మీరు ఐస్ బకెట్ తెచ్చేసరికి పెళ్లయి, విందు భోజనాలు కూడా అయిపోయాయి.

చాలాకాలం జీపీఎస్ అంటే 50 అమైనో ఆమ్లాల చిన్న డొమైన్ అనుకున్నారు. ఆ చిన్న ముక్కను ఒక్కదాన్నే తయారుచేస్తే అది తెగేది కాదు, ఎందుకో అర్థమయ్యేది కాదు. 2012లో, నేను థీసిస్ రాస్తున్న రోజుల్లో, స్టాన్‌ఫర్డ్‌లో థామస్ సూడోఫ్, ఆక్సెల్ బ్రుంగర్ల దగ్గర పనిచేస్తున్న డెమెట్ అరాచ్ దీని స్ఫటిక నిర్మాణం బయటపెట్టింది. చూస్తే జీపీఎస్ అసలు విడి డొమైనే కాదు. సుమారు 320 అమైనో ఆమ్లాల పెద్ద మడతకు అది చివరి భాగం, అంతే. ఆ పెద్ద మడతకు పెట్టిన పేరే గెయిన్: జీపీసీఆర్ చేత ఆటోప్రోటియోలిసిస్ చేయించేది అని దాని భావం. ముందు భాగంలో ఆరు ఆల్ఫా హెలిక్సులు, వెనక భాగంలో 13 బీటా పోగులు. కోత పడేది 12వ పోగుకూ 13వ పోగుకూ మధ్య మలుపులో. తెగాక కూడా 13వ పోగు బయటికి రాదు. మిగతా పోగుల నడుమ, బుట్ట అల్లికలో నడిమి బద్దలా, హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుని ఉంటుంది. రెండు ముక్కలూ విడిపోకుండా ఉండడానికి కారణం ఇదే. మీరెవరైనా గెయిన్ డొమైన్‌ను విడిగా క్లోన్ చేయాలనుకుంటే పాత ప్రైమర్లు వాడకండి. 320 మొత్తం తీసుకోండి.

ఇక అసలు విషయం. దీన్ని విద్యార్థులే కాదు, పెద్దవాళ్లు కూడా తికమక పెట్టుకుంటారు. కోత అంటే సంకేతం కాదు. రక్తం గడ్డకట్టేటప్పుడు థ్రాంబిన్ వచ్చి పార్1 రిసెప్టర్‌ను కోస్తుంది; కోసిన క్షణమే ప్లేట్‌లెట్‌కు కబురు అందుతుంది. అక్కడ కోతే కబురు. గెయిన్ రిసెప్టర్లలో కోత అనేది కణం ఉపరితలానికి రాకముందే ముగిసిన ఏర్పాటు. కబురు వెళ్లేది తర్వాతెప్పుడో, రెండు ముక్కలూ విడిపోయినప్పుడు. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్ గుర్తు తెచ్చుకోండి. రెండు రెక్కలూ మొదటినుంచీ వేరే ముక్కలే, కలిపి నొక్కి ఉంటాయి. బటన్ కుట్టిన రోజున ఏమీ తెరుచుకోదు. ఎవరైనా లాగినప్పుడు టిక్కుమని ఊడుతుంది.

ఊడితే ఏమవుతుంది? 13వ పోగు తోక ముక్కకే అతుక్కుని ఉంటుంది కదా, తల ముక్క వెళ్లిపోగానే అది బయటపడుతుంది. జీపీఆర్56లో దాని మొదటి ఏడు అక్షరాలు: థ్రియోనిన్, టైరోసిన్, ఫినైల్‌అలనిన్, అలనిన్, వాలిన్, ల్యూసిన్, మెథియోనిన్. ఇది వంగి, తన సొంత రిసెప్టర్ గుంటలోకే దిగి, దాన్ని ఆన్ చేస్తుంది. అంటే తాళంచెవి తలుపుకే తాడుతో కట్టి ఉంది, ఇన్నాళ్లూ గుడ్డలో చుట్టి. 2014లో జర్మనీలోని లైప్‌జిగ్ బృందం జీపీఆర్126, జీపీఆర్133ల మీద దీన్ని చూపి, దీనికి ష్టాఖెల్ అని పేరు పెట్టింది. జర్మన్‌లో ముల్లు, కొండి అని అర్థం. తేలు తోకకుండే కొండి లాంటిదే, వాడేదాకా కనపడదు. నేనైతే మా పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కొండి అనే అంటాను, అందరికీ వెంటనే పడుతుంది. మరుసటి ఏడాది అమెరికాలో గ్రెగరీ టాల్ బృందం జీపీఆర్56 మీద ఇదే నిరూపించింది. వాళ్లు చేసిన పని ముచ్చటగా ఉంటుంది: పొరలను గాఢమైన యూరియాతో కడిగి తల ముక్కను ఊడగొట్టారు, మిగిలిన తోక ముక్క కణం లోపల కబురు మోసే జీ ప్రోటీన్లను జోరుగా నడిపింది. 2022లో క్రయో-ఈఎమ్ (గడ్డకట్టించిన ప్రోటీన్‌ను చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) చిత్రాలు వచ్చాక కొండి గుంటలో కూర్చున్న తీరు కళ్లారా కనిపించింది. గెయిన్ లోపల ఉన్నప్పుడు చదునైన బీటా పోగుగా ఉన్నదే, గుంటలోకి దిగాక సగం హెలిక్స్‌గా ముడుచుకుని కొక్కెంలా వంగుతుంది. మూడో స్థానంలోని ఫినైల్‌అలనిన్ గుంట అడుగుకు దిగుతుంది.

మరి లాగేదెవరు? తల ముక్క చివర పొరుగు కణాన్నో, కణాల మధ్య ఉండే కొల్లాజెన్ లాంటి పోగునో పట్టుకుంటుంది. కణం కదిలినా, పొరుగుది జరిగినా గుంజు పడుతుంది. ఈ కుటుంబంలోదే అయిన సీడీ97కు రక్త ప్రవాహపు ఒరిపిడి చాలు. అందుకే వీటిని స్పర్శ, లాగుడు పసిగట్టే రిసెప్టర్లుగా చూస్తున్నారు.

ఇక్కడ ఒక పేచీ ఉంది, దాచడం న్యాయం కాదు. తల ఊడితేనే కబురు అనేది అన్నిచోట్లా నిజం కాదు. కొన్ని గెయిన్ డొమైన్లకు హిస్టిడినో, హైడ్రాక్సిలో లోపించి అసలు తెగవు, అయినా పనిచేస్తాయి. తెగే రిసెప్టర్లలో కూడా, కోత పడకుండా మార్చినవి కొన్ని పనులు మామూలుగానే చేస్తాయి. పూర్తిగా ఊడకపోయినా డొమైన్ కదలికల్లో కొండి కాసేపు తొంగిచూస్తుందని ఒక వర్గం అంటుంది. కొండితో పనిలేని సంకేతాలు కూడా ఉన్నాయని మరో వర్గం అంటుంది. నా మట్టుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఊడడం మోటు స్విచ్చు, తొంగిచూడడం ఫ్యాను రెగ్యులేటరు. కానీ ఒకసారి ఊడిన టిచ్ బటన్ మళ్లీ పెట్టుకోవడానికి కణానికి చేయి లేదు, ఆ రిసెప్టర్ అణువుకు అదే ఆఖరి కబురు. కాబట్టి ఊడడాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ల వైపు నేను లేను.

ఇదంతా పుస్తకాల గోల అనుకోకుండా ఒక జబ్బు గురించి చెబుతాను. లెబనాన్‌లో కొన్ని కుటుంబాలు ఉన్నాయి. ఆ ఇళ్లలో కొందరు చప్పట్లు కొట్టినా, తువ్వాలుతో గట్టిగా తుడుచుకున్నా, గతుకుల రోడ్డు మీద బస్సెక్కినా ఒళ్లు ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. గంటలోపు తగ్గిపోతాయి. తరతరాలుగా సగం మందికి వస్తోంది. 2016లో అమెరికా పరిశోధకులు జన్యువును పట్టుకున్నారు: ఈఎమ్‌ఆర్2, అంటే ఇందాకటి ఆక్స్‌ఫర్డ్ రిసెప్టరే. గెయిన్ డొమైన్‌లో 492వ సిస్టీన్ స్థానంలో టైరోసిన్ వచ్చింది. కోత మామూలుగానే పడుతుంది, కానీ తల పట్టు సడలింది. వదులైన టిచ్ బటన్ అన్నమాట. వాళ్ల మాస్ట్ కణాలను (దద్దుర్లు లేపే హిస్టమిన్‌ను దాచుకునేవి), తల ముక్క పట్టుకునే డెర్మటాన్ సల్ఫేట్ మీద అంటించి కంపింపజేస్తే తలలు ఊడిపోయాయి, హిస్టమిన్ సంచులు తెరుచుకున్నాయి. మామూలు మనుషుల్లో కూడా కంపనానికి ఈ స్పందన కొంచెం ఉంటుంది, వీళ్లలో అది గట్టు దాటింది. కోతకూ ఊడడానికీ తేడా ఎవరైనా అడిగితే నేను బొమ్మ గీయను, ఈ కథ చెబుతాను.

మీ జీపీఆర్56 జబ్బు దీనికి తలకిందులు. అక్కడ బటన్ వదులు కాదు, అసలు కుట్టే పడదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన ప్రతి వస్తే పుట్టబోయే బిడ్డ మెదడు ముందుభాగపు పొర, ఉండాల్సిన పెద్ద మడతలకు బదులు లెక్కలేనన్ని చిన్న చిన్న మడతలతో తయారవుతుంది. బైలేటరల్ ఫ్రాంటోపరైటల్ పాలీమైక్రోజైరియా అంటారు. జన్యువును 2004లో గుర్తించారు. ఆ కుటుంబాల్లో దొరికిన మార్పుల్లో రెండు సరిగ్గా జీపీఎస్‌లో పడ్డాయి: 346వ సిస్టీన్, 349వ ట్రిప్టోఫాన్. ఇక్కడి సిస్టీన్లు డైసల్ఫైడ్ ముడులతో మలుపును బిగించి పట్టేవి. అవి పోతే డొమైన్ మడతపడదు, మడతపడకపోతే కోత ఉండదు. రిసెప్టర్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే నిలిచిపోతుంది, పైకి రాదు. ఇలాంటి రిసెసివ్ జబ్బులు మేనరికాలు ఎక్కువగా ఉన్న చోట్ల ఎక్కువ కనపడతాయి కాబట్టి మన వైపు పిల్లల న్యూరాలజిస్టులు ఈ పేరు తెలుసుకుని ఉండడం మంచిది. మీరు ఆ మార్పుల్లో ఒకటి పక్క లేన్‌లో వేసి చూడండి, 25 బ్యాండు ఉండదు. నేను మొదట్లో అన్నది అదే, మీ 25 బ్యాండు ఆరోగ్యపు గుర్తు.

గెయిన్ జీపీసీఆర్ల సొత్తు మాత్రమే కాదు. కిడ్నీల్లో నీటి తిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బులో ఎక్కువ కేసులకు కారణమైన పాలీసిస్టిన్-1లో కూడా ఉంది. అది పొరను 11 సార్లు దాటే, 4,300 అమైనో ఆమ్లాల భారీ ప్రోటీన్. కోత చోటు మాత్రం అచ్చం ఇదే, హిస్టిడిన్, ల్యూసిన్, థ్రియోనిన్. 2007లో ఎలుకల్లో ఆ థ్రియోనిన్‌ను మార్చి కోత ఆపితే పిల్లలు పుట్టాయి గానీ పుట్టాక కిడ్నీలు తిత్తులతో నిండాయి. జన్యువు పూర్తిగా తీసేసినవి అసలు పుట్టవు. అంటే కోత లేకపోయినా ప్రోటీన్ కొంత పని చేస్తోంది, కిడ్నీ గొట్టాల చివరి భాగానికి మాత్రం ఆ కొంత సరిపోవడం లేదు.

మీరు అడగలేదు గానీ, స్వయంగా కోసుకునే డొమైన్ కణాల మీద ఇంకొకటుంది, సీ అని. దానిది వేరే పద్ధతి. మ్యూక్1 అనే జిగురు ప్రోటీన్‌లో (మ్యూసిన్) గ్లైసిన్, సెరిన్ల మధ్య తెగుతుంది. అక్కడ సాయం చేసే హిస్టిడిన్ లేదు. మడత తాలూకు బిగింపే బంధాన్ని మెలిపెట్టి తెంపుతుందని 2006లో తేలింది. అక్కడా రెండు ముక్కలూ తెగి అంటిపెట్టుకునే ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు చేసే సీఏ 15-3 రక్తపరీక్షలో కొలిచేది అలా కణం నుంచి రక్తంలోకి వచ్చిన మ్యూక్1 బయటి భాగాన్నే.

సరే, మీ బెంచీ పని. గైడ్ గారిని మాటలతో ఒప్పించలేరు, జెల్‌తో ఒప్పించండి. మొదట 383 థ్రియోనిన్‌ను అలనిన్ చేసిన మార్పు కట్టండి. సైట్-డైరెక్టెడ్ మ్యుటజెనిసిస్ కిట్‌తో వారం పని. దాన్నీ మామూలు దాన్నీ పక్కపక్కన వేసి ఫ్లాగ్‌తో చూడండి. మార్పు చేసిన దాంట్లో 25 పోయి 77కు పైన బ్యాండు వస్తుంది. చక్కెరలు కూడా కలుస్తాయి కాబట్టి సరిగ్గా 77 దగ్గర ఉండదు, చక్కెరలు తీసేసే పీఎన్‌గేజ్ ఎఫ్ ఎంజైమ్ వేస్తే దిగుతుంది. వీలైతే 381 హిస్టిడిన్‌ను సెరిన్ చేసిన మార్పు కూడా. ఒకే ఫలితం రెండు వేర్వేరు దారుల్లో వస్తే రివ్యూయర్ నోరు మెదపడు.

రెండోది, శాంపుల్ ఉడికించకండి. మీ జెల్ పైన కనిపిస్తున్న మసక నా అంచనాలో అదే. 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు పెట్టడం చేతికి అలవాటైన పని. కానీ ఏడుసార్లు పొర దాటే ప్రోటీన్ ఆ వేడికి ముద్దకట్టి బావి నోట్లోనే ఇరుక్కుంటుంది. 37 డిగ్రీల దగ్గర అరగంట చాలు. నేను దీన్ని నేర్చుకునేసరికి రెండు యాంటీబాడీ వయల్స్ ఖాళీ అయ్యాయి.

మూడోది, రెండు ముక్కలూ నిజంగా అంటుకునే ఉన్నాయని చూపాలంటే తలకు వేరే ట్యాగ్ పెట్టాలి. మొదటి 25 అమైనో ఆమ్లాలు సిగ్నల్ పెప్టైడ్ (ప్రోటీన్‌ను పొర వైపు పంపే చిరునామా), అవి తెగిపోతాయి. ట్యాగ్ వాటికి ముందు పెడితే అదీ చెత్తబుట్టలోకే. వాటి తర్వాత పెట్టండి. మెత్తని డిటర్జెంట్‌లో తలను పట్టి లాగి, ఫ్లాగ్‌తో తోకను వెతకండి. వస్తుంది.

ఒక హెచ్చరిక. థ్రియోనిన్ మార్చిన రిసెప్టర్‌లో సంకేతం తగ్గిందంటే వెంటనే "కోత లేక తగ్గింది" అని రాసేయకండి. థ్రియోనిన్ కొండికి మొదటి అక్షరం కూడా. పైగా మార్పు వల్ల రిసెప్టర్ పైకి రావడమే తగ్గి ఉండవచ్చు. కణాలు పగలగొట్టకుండా, తల యాంటీబాడీతో ఫ్లో సైటోమెట్రీ చేసి ఉపరితలం మీద ఎంతుందో కొలిచాకే సంకేతం గురించి మాట్లాడండి. ఈ పని ఎగ్గొట్టిన పేపర్లు నేను చాలా చూశాను.

మందుల సంగతి కూడా అడిగారు కాబట్టి ఒక్క మాట. 2018లో టాల్ బృందమే జీపీఆర్56ను పాక్షికంగా ఆన్ చేసే చిన్న అణువులు కొన్ని పట్టుకుంది. అవి గెడునిన్ నుంచి తయారుచేసినవి. గెడునిన్ మన వేపలో దొరికే పదార్థాల్లో ఒకటి. ఈ ముక్క చదివి వేపాకు రసం తాగితే రిసెప్టర్ ఆన్ అవుతుందని ఎవరూ వాట్సాప్‌లో పంపకండి దయచేసి. అది రసాయనికంగా మార్చిన అణువు, పనిచేసింది డిష్‌లో.

కొత్త బ్లాట్ వచ్చాక చూపించండి, ఈసారి సైజులు చూపే ల్యాడర్ లేన్ కూడా ఉండేలా. మీరు పంపిన ఫొటోలో ల్యాడర్ కత్తిరించేశారు. 25 అని మీ మాట నమ్మి ఇదంతా రాశాను.